మృత్యువు లేని దుఃఖము: పాలమూరు క్రైస్తవ సంఘములలో క్రుంగుబాటు, విశ్వాసము, వైద్యము

ఆందోళనయు మానసికమైన క్రుంగుబాటును పైకొన్నపుడు క్రైస్తవ విశ్వాసము మనుష్యునకు ఔషధమగునా, ఔషధమునకు తోడగునా, లేక యొక్కొక్కప్పుడు ఔషధమునకు అడ్డమగునా అను ప్రశ్న వేదాంత పాఠశాలలలోను మనోవైద్య పత్రికలలోను మాత్రమే చర్చింపదగినది కాదు. పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట సంఘకాపరి యెదుట తల వంచుకొని ప్రార్థన కోరు స్త్రీపురుషులలో పలువురి విషయమున అది ఆ క్షణముననే పరిష్కారము కోరు ప్రశ్న. ఈ ప్రశ్నకు మన సంఘములలో సాధారణముగా మూడు సమాధానములు వినబడుచున్నవి. ఇది అపవాది పీడ గనుక ప్రార్థనచే వెడలగొట్టవలెననునది మొదటిది. ఇది విశ్వాసలోపము గనుక పశ్చాత్తాపముచే సరిదిద్దుకొనవలెననునది రెండవది. ఇది శరీరవ్యాధుల వంటి వ్యాధియే గనుక వైద్యునకు అప్పగించి సంఘము ఊరకుండవలెననునది మూడవది. ఈ మూటిని క్రమముగా పరీక్షించి, వానిలో నిలువదగినదేదో, విడువదగినదేదో నిర్ణయించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ముందుగా బాధయొక్క స్వరూపమును తెలిసికొనవలెను. మన పల్లెలలో క్రుంగుబాటు ఆ పేరుతో వైద్యశాలకు రాదు. తలనొప్పి యనియు, గుండెదడ యనియు, ఒళ్లు మంటలనియు, తిన్నది ఒంటబట్టుట లేదనియు, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మరల కన్ను మూతపడుట లేదనియు అది వచ్చును. ఇంటివారు ‘రంది పెట్టుకున్నది’ అందురు. బాధపడు స్త్రీ తనంతట తాను ‘బుగులు బుగులుగ ఉంటది’ అనును. రెండు వారములకు మించి దినమంతయు మనసు చీకటిపడి, ఒకప్పుడు ప్రియమైన పనులయందు రుచి నశించి, నిద్రయు ఆకలియు చెడి, తాను పనికిమాలిన దాననను తలంపు విడువక పట్టుకొనెనేని, వైద్యులు దానిని వ్యాధిగా గణింతురు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, పెద్దవారిలో నూటికి పదుగురికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారనియు, క్రుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలు గలవారిలో సుమారు 85 శాతము మందికి చికిత్స యందుట లేదనియు తేలినది.

పాలమూరు సీమలో ఈ బాధను పెంచు కారణములకు కొరత లేదు. గుంపు మేస్త్రీ వెంట ముంబయికో పూణేకో పోయిన భర్త పంపు సొమ్మునకై ఎదురుచూచుచు, ముసలి అత్తమామలను, చంటిబిడ్డలను ఒంటరిగా మోయు స్త్రీలు ఈ మూడు ప్రాంతములందును కలరు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో విత్తన పత్తి సాగు చేయు రైతు పెట్టుబడికి విత్తన కంపెనీల ఆర్గనైజరునొద్ద అప్పు తెచ్చి, పంట చేతికి వచ్చి విత్తనము పరీక్షలో నెగ్గు వరకు ప్రాణము బిగబట్టుకొని యుండును. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురమును, రాజోలిని ముంచివేసినపుడు, నీరు తీసిన తరువాత గూడ మబ్బు పట్టినంతనే నిద్ర పట్టని వారుండిరి. శ్రీశైలము జలాశయము క్రింద ఊళ్లు పోగొట్టుకొనిన కొల్లాపురము వైపు కుటుంబముల దుఃఖము ఒక తరముతో ముగిసినది కాదు. అయినను, బ్రదుకు బరువే వ్యాధికి సంపూర్ణ కారణమని తలంచుట పొరపాటు. వంశానుగతమైన స్వభావము, ప్రసవానంతరపు శరీరమార్పులు, థైరాయిడు లోపము, ఇంటిలోని త్రాగుడు, బాల్యమున తగిలిన దెబ్బలు గూడ ఇందులో పాలుపంచుకొనును. అప్పు తీరినను క్రుంగుబాటు తీరనివారును, ఏ కొరతయు లేకయే క్రుంగినవారును ఉన్నారు. కారణము అడుగగా చెప్పలేని రోగిని శంకింపరాదు.

ఇట్టి సీమకు సువార్త ఏ రూపమున వచ్చినదో స్మరించుకొనుట ప్రశ్నను తేటపరచును. పాలమూరు పట్టణమున అమెరికన్ బాప్టిస్టు మిషను 1885లోను, గద్వాలలో 1903లోను నెలకొనెను; ఈ రెండు కేంద్రములును 1937లో మెన్నొనైట్ బ్రదరెన్ మిషను చేతికి వచ్చెను. ఆ మెన్నొనైట్ మిషను పక్షమున 1904లోనే భారతదేశమునకు వచ్చిన డానియేలు బెర్గ్‌తోల్డు నాగర్‌కర్నూలును తన సేవాకేంద్రముగ చేసికొని, అచ్చటనే 1920లో బైబిలు పాఠశాలను స్థాపించెను. 1907లో వచ్చిన వైద్యురాలు కాతరీనా షెల్లెన్‌బర్గు నాగర్‌కర్నూలు, శంషాబాదు మొదలగు చోట్ల రోగులకు పరిచర్య చేసి, 1945లో తాను కన్నుమూయు వరకు ఈ దేశముననే యుండెను. అనంతరము జడ్చర్లలోని మిషను ఆసుపత్రి ఈ సీమ పేదలకు ఆధారమయ్యెను. బైబిలు పాఠశాలయు మందుల గదియు ఒక్క మిషనుయొక్క రెండు చేతులై పనిచేసిన దినములలో, చలిజ్వరముతో వచ్చిన వానికి ప్రార్థన చేసి క్వినైను ఇచ్చిరే గాని, ప్రార్థన చేసితిమి గనుక క్వినైను వలదనలేదు. క్వినైను మ్రింగుట అవిశ్వాసమనియు చెప్పలేదు. తాతల నాటి ఆ సమన్వయము జ్వరము విషయమున నేటికిని చెక్కుచెదరలేదు. మనస్సు విషయముననే అది తెగిపోయినది. కాన్పు కష్టమైనపుడు పెద్దాసుపత్రికి పరుగెత్తు విశ్వాసియే, కాన్పు తరువాత కోడలు బిడ్డను చూడక గోడవైపు తిరిగి పండుకొనినపుడు అభిషేక తైలము మాత్రమే చాలుననుచున్నాడు.

ఇక లేఖనముల సాక్ష్యము. క్రుంగినవారిని గూర్చి మాటలాడునపుడు బోధకులు సాధారణముగా ఏలీయాను, యోబును తలంతురు; అది యుక్తమే. కాని మన వలస సీమకు వారికంటె చేరువయైనది నయోమి కథ. కరవు వచ్చి బేత్లెహేము విడిచి, భర్తతోను ఇద్దరు కుమారులతోను మోయాబు దేశమునకు వలసపోయిన ఆ స్త్రీ, అచ్చటనే ముగ్గురిని మట్టికి అప్పగించి, వట్టి చేతులతో సొంత ఊరికి మరలివచ్చెను. దేవుడే తన్ను బాధపరచెనని ఊరి స్త్రీల యెదుట ఆమె బహిరంగముగా పలికినది. ఆ మాటలకు ఆమెను గద్దించినవారు ఆ గ్రంథమున ఒక్కరును లేరు. ఆమెకు విశ్వాసము చాలలేదని ప్రవక్త యెవడును వచ్చి చెప్పలేదు. కోడలు రూతు ఆమెను విడువక వెంట వచ్చి, పరుల పొలమున పరిగె యేరి, సాయంకాలమునకు ఆమెకు తిండి తెచ్చినది. నయోమికి మొదట అందినవి తోడు, ధాన్యము, ఇరుగుపొరుగు. స్తుతిగీతము కథ చివరనే వినబడును, అదియు ఆమె నోట గాక పొరుగు స్త్రీల నోట. కీర్తనల గ్రంథమున విలాపగీతములు అనేకము స్తుతితో ముగియుచుండగా, 88వ కీర్తన మాత్రము చీకటిలోనే ముగియుచున్నది. అయినను దానిని సంకలనకర్తలు గ్రంథము నుండి తీసివేయలేదు. గెత్సేమనేలో ప్రభువు ప్రాణవేదన నొందినపుడు తండ్రికి ప్రార్థించుటయే గాక, ముగ్గురు స్నేహితులను తనతో మెలకువగ ఉండుడని వేడుకొనెను. ప్రార్థన ఉన్నచోట మనుష్యుల తోడు అనవసరమని ఎవ్వరును చెప్పజాలకుండుటకు ఈ యొక్క సంగతి చాలును.

ఈ వెలుగున మొదటి సమాధానమును చూతము. దురాత్మలను గూర్చిన విశ్వాసము క్రొత్త నిబంధనలో కలదనుట నిజమే. కాని అదే సువార్తలు రోగులను, పీడితులను వేరువేరుగ పేర్కొనుచున్నవి. ప్రతి రోగమును దురాత్మకు అంటగట్టుట వాని పద్ధతి కాదు. మన సంఘములలో జరుగునదేమనగా, గ్రామములో ‘గాలి సోకినది’, ‘చేతబడి చేసిరి’ అను పాత నమ్మకము బాప్తిస్మము పొందక, బైబిలు మాటలు తొడుగుకొని మందిరములోనికి వచ్చినది. రాత్రంతయు సాగు ప్రార్థన కూటములో, మైకుల హోరులో, నిద్ర లేక యిదివరకే సొలసియున్న యువతి చుట్టును నలుగురు నిలిచి, తలపై చేతులుంచి కేకలు వేయుచు, ‘పేరు చెప్పుము’ అని గద్దించుచుండగా ఆమె వణకి పడిపోవును. దానిని విడుదల యందురు. మరునాటి మధ్యాహ్నమునకు అదే దడ మరల వచ్చినపుడు, పోయినది తిరిగివచ్చినదను భయము గూడ ఆమెకు అదనముగా చేరును. కొన్నిచోట్ల ఉపవాసమును సైతము విధింతురు. ఆకలి చచ్చి బరువు తగ్గుచున్న రోగికి ఉపవాసము విధించుట ఏ ప్రేమధర్మమునకును తగినది కాదు. మందులు వాడుచున్నవారిచే వానిని ఒక్కసారిగా మానిపించుట మరింత ప్రమాదకరము.

రెండవ సమాధానము మృదువుగా కనబడును గాని లోతుగా గాయపరచును. చింతపడవద్దని లేఖనము చెప్పియుండగా చింతపడుట అవిధేయత కాదా అని అడుగువారు, ఆ మాట ఆజ్ఞగా గాక ఓదార్పుగా పలుకబడెనని మరతురు. క్రుంగుబాటునకు ముఖ్య లక్షణములలో నిష్కారణమైన అపరాధభావ మొకటి. అట్టి రోగితో నీ యందు లోపమున్నదని చెప్పుట ఆ వ్యాధి చెప్పుమాటనే దేవుని పేర మరల చెప్పుట యగును. ఆంగ్ల భక్తకవి విలియం కౌపరు (1731-1800) సంఘమంతయు పాడుకొను కీర్తనలు వ్రాసియు, దేవుడు తన్ను మాత్రము త్రోసివేసెనను భ్రమతో జీవితము చాలవరకు గడపెను. మిత్రుడు జాన్ న్యూటను ఆయనను వాదించి గెలువలేక, చాలకాలము తన యింటనే ఉంచుకొని కాపాడెను. అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు కెన్నెతు పార్గమెంటు కష్టకాలమున మతమును ఆశ్రయించు విధములను రెండుగ విభజించెను. దేవుడు నాతో నున్నాడు, సంఘము నాకు తోడు అనుకొనుట ఒక విధము. దేవుడు నన్ను శిక్షించుచున్నాడు, నన్ను విడిచెను అనుకొనుట మరియొక విధము. మొదటిది ఊరటతోను, రెండవది అధికమైన క్రుంగుబాటుతోను కూడియుండుట పలు పరిశోధనలలో కనబడినది. కాబట్టి విశ్వాసమున్నదా లేదా అని అడుగుట చాలదు. ఆ విశ్వాసమున దేవుని ముఖము ఎట్లు కనబడుచున్నదో అడుగవలెను. ఆ ముఖమును దిద్దునది చాలవరకు ప్రసంగవేదికయే గనుక బోధకుని బాధ్యత ఇచ్చట మిక్కుటము.

విశ్వాసము చేయు మేలును తక్కువగా చెప్పుటయు అన్యాయమే. డ్యూకు విశ్వవిద్యాలయమునకు చెందిన హెరాల్డు కోనిగు మొదలగువారు సమీక్షించిన అధ్యయనములలో అధికభాగము, మతాచరణ గలవారిలో క్రుంగుబాటు తక్కువగాను, కోలుకొనుట త్వరగాను ఉండునని సూచించుచున్నవి. దాని వెనుకనున్న కారణములు మన కండ్లయెదుటనే కలవు: వారమునకొకసారి స్నానము చేసి, ఉతికిన బట్ట కట్టి, ఇల్లు విడిచి నలుగురిలోనికి పోవుట, గొంతెత్తి పాడుట, త్రాగుడు మానుట, పేరు పెట్టి పలుకరించువారుండుట, రేపు అను మాటకు అర్థముండుట. పురుషోత్తమ చౌదరి నాటి నుండి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో దుఃఖమునకు రాగము కట్టి పాడు సంప్రదాయము మనకు కలదు. ఏడ్చుటకు చోటులేని ఇంటి కోడలు మందిరములో పాడుచు ఏడ్వగలదు. అయినను రెండు హెచ్చరికలు అవసరము. ఈ అధ్యయనములలో చాలవరకు సాహచర్యమును చూపునే గాని కారణమును నిరూపింపవు. క్రుంగినవాడే మందిరమునకు రాలేక మానుననుటయు గణింపవలెను. మరియు వానిలో అధికభాగము పశ్చిమ దేశములలో జరిగినవి గాని పాలమూరు పల్లెలలో జరిగినవి కావు.

మూడవ సమాధానము, అనగా సర్వమును వైద్యునకే విడుచుట, సత్యమునకు దగ్గరదే కాని అసంపూర్ణము. వైద్యము ఫలించునన్న మాట సంశయింపవలసినది కాదు. క్రుంగుబాటునకిచ్చు మాత్రలు మత్తుమందులు కావు, వ్యసనమును కలిగించునవి కావు. గుణము కనబడుటకు రెండు నుండి ఆరు వారములు పట్టును. గుణమిచ్చిన తరువాతను కనీసము ఆరు మాసములు వాడి, వైద్యుడు చెప్పిన రీతిని మెల్లమెల్లగా తగ్గింపవలెను. ఈ సంగతి తెలియక పదవ దినమున మానివేయువారు అసంఖ్యాకులు. మాటలతో చేయు చికిత్సయు అట్లే ఫలదాయకము. రోగి మతవిశ్వాసమును దానిలో కలిపి చేసినను, కలుపక చేసినను ఇంచుమించు సమాన ఫలమే వచ్చినదని కోనిగు బృందము 2015లో ప్రకటించిన పరీక్షలో తేలినది గనుక, విశ్వాసిని తన విశ్వాసము బయట విడిచి రమ్మనవలసిన అగత్యము వైద్యునకు లేదు. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల 1957లో బాగాయములో నెలకొల్పిన మానసికారోగ్య కేంద్రమున, రోగితో కుటుంబసభ్యుడు గూడ వచ్చి ఉండవలెనను పద్ధతిని అవలంబించిరి; ఇంటివారు నేర్చుకొననిదే రోగి నిలకడగ కోలుకొనడని వారు గ్రహించిరి. మన ప్రాంతమున ఒకప్పుడు మనోవైద్యుడనగా హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల తప్ప గతి లేకుండెను. ఆ పేరే అవమానమై రోగులను ఇంట దాచిరి. 2022లో నాగర్‌కర్నూలు, వనపర్తులలోను, 2024లో గద్వాలలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. అట్టి కళాశాలలకు మనోవైద్య విభాగము విధాయకము. దారి దగ్గరైనది. కాని చీటీ వ్రాసి పంపు వైద్యుడు నెలకొకసారి పది నిముషములు చూచును. మిగిలిన దినములలో ఆ మాత్ర మ్రింగితివా అని అడుగువారెవరు?

ఇచ్చటనే సంఘము చేయదగినది, సంఘమునకు ఇదివరకే తెలిసినది, కనబడుచున్నది. మన క్రైస్తవ గృహములలో మరణము సంభవించినపుడు ఆదరణ కూడిక జరుగును. సమాధి జరిగిన కొలది దినములకు ఇంటిముందు పందిరి వేసి, జంపఖానాలు పరచి, స్త్రీల సమాజమువారు విధవరాలి నిరుప్రక్కల ఆనుకొని కూర్చుందురు. పొయ్యి వెలుగని యింటికి పొరుగువారు అన్నము, పప్పు తెత్తురు. కాపరి చిన్న వాక్యము చదువును. ఏడ్చువారిని ఎవ్వరును వారింపరు. ఎందుకేడ్చుచున్నావని ఎవ్వరును అడుగరు. ఇంత నిండైన ఆదరము మరణమునకు ఉన్నది గాని, మృత్యువు లేని దుఃఖమునకు లేదు. శవము లేదు గనుక పందిరి లేదు. పందిరి లేదు గనుక ఎవరును రారు. వచ్చినవారు కారణమడుగుదురు, కారణము చెప్పలేనిచో ఉపదేశింతురు. నా నిశ్చితాభిప్రాయమేమనగా, క్రుంగినవారి విషయమున సంఘమునకు కావలసినది నూతన సిద్ధాంతము కాదు; విధవరాలి యెడ తాను చూపు ఆ ఆదరణనే, ఆ మౌనముతోను, ఆ అన్నముతోను, ఈ రోగుల యెడ చూపుటయే.

ఇది భావావేశపు మాట కాదనుటకు ఆధారములున్నవి. గోవాలో విక్రం పటేలు మొదలగువారు, జింబాబ్వేలో డిక్సను చిబాండాయు, వైద్యవిద్య లేని సామాన్య జనులకు కొద్దికాలపు శిక్షణ యిచ్చి, రోగులతో క్రమముగా మాటలాడించి, క్రుంగుబాటును గణనీయముగా తగ్గింపవచ్చునని పరీక్షాపూర్వకముగా నిరూపించిరి. జింబాబ్వేలో ఆ పని చేసినవారు అధికముగ వయసు మళ్లిన స్త్రీలు. వారికి కావలసినది ఆసుపత్రి బయట ఒక బల్ల మాత్రమే. మన సంఘములలో బైబిలు స్త్రీల పరంపర శతాబ్దికి మించి యున్నది. ఇల్లిల్లు తిరిగి, వంటింటి గడపలో కూర్చుండి, ఆడవారి మాట వినుట వారి వృత్తి. ఆ వినుటకు శిక్షణ చేర్చినచో, వారానికొకసారి పోవుట, నిద్ర ఆకలి విచారించుట, నిలిచిపోయిన చిన్న పని నొకదానిని మరల చేయించుట, ప్రమాదచిహ్నములు గుర్తించి వైద్యుని యొద్దకు తోడుగ పోవుట వారికి సాధ్యము. ఇందునకు ఒక నియమము ప్రాణము వంటిది: విన్నది వెలిబుచ్చరాదు. ఫలాని సహోదరికి మనసు బాగలేదని మైకులో ప్రార్థన మనవి చదువుట ఆమె కుమార్తెకు వచ్చు సంబంధమును చెడగొట్టును. ఆమె మరి యెన్నడును నోరు విప్పదు.

కాపరులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. స్వల్పమైన కానుకలతో కుటుంబమును ఈడ్చుకొనుచు, నాలుగు గ్రామముల సంఘములను మోటారు సైకిలుపై చూచుకొనుచు, అందరి దుఃఖమును విని తన దుఃఖమును చెప్పుకొన చోటులేని కాపరి ఈ వ్యాధికి అతీతుడు కాడు. లండనులో వేలమందికి బోధించిన స్పర్జను, 1856లో తన సభలో తొక్కిసలాట జరిగి ఏడుగురు మరణించిన పిమ్మట తీవ్రముగా క్రుంగిపోయి, జీవితాంతము ఆ బాధతో పెనగులాడి, దానిని తన విద్యార్థులయెదుట దాచక చెప్పెను. వేదికమీద ఒక కాపరి అట్లు చెప్పగలిగిననాడు బల్లలమీద కూర్చుండినవారిలో పలువురికి ధైర్యము కలుగును.

ప్రాణాపాయ సమయమున చేయవలసినది స్పష్టముగా చెప్పవలెను. బ్రదుకవలెనని లేదను మాట విన్నచో దానిని బెదిరింపుగా కొట్టివేయరాదు. సూటిగా అడుగుటవలన ఆ తలంపు పుట్టదు, బరువు తగ్గును. అట్టివారిని ఒంటరిగా విడువరాదు. పత్తి చేల సీమలో ప్రతి యింట నుండు పురుగుమందు డబ్బాలను ఆ యింటినుండి తొలగింపవలెను. అతి విషపూరితమైన మందులను నిషేధించిన శ్రీలంకలో ఆత్మహత్యలు విశేషముగా తగ్గుటయే ఇందునకు దృష్టాంతము. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబగళ్లు ఉచితముగ, తెలుగులో సలహా దొరకును. 2017 నాటి మానసికారోగ్య రక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మనోవేదనకు లోనైనవానిగ భావించి శిక్షకు గాక సంరక్షణకు అర్హుని చేసినది. రాజ్యశాసనము చూపిన ఈ కనికరమును, ఆత్మహత్య చేసికొనినవారికి సమాధి స్థలము నిరాకరించుటకు ఇంకను వెనుదీయని కొన్ని సంఘములు నేర్చుకొనవలసి యున్నది.

కావున మూడు సమాధానములలో మొదటి రెండును విడువదగినవి; మూడవది స్వీకరించి పూరింపదగినది. వ్యాధికి వైద్యము చేయువాడు వైద్యుడు. వ్యాధిగ్రస్తుని విడువకుండుట సంఘధర్మము. దేవుడు తన్ను విడువలేదని అతడు నమ్మగలుగుటకు ఆ విడువనితనమే మొదటి సాక్ష్యము. బైబిలు కళాశాలలలో కాపరులకు మానసిక వ్యాధుల పాఠము విధాయకము చేయుట, మాత్రలు మానుమని ఏ బోధకుడును చెప్పరాదని సంఘనిబంధనలలో చేర్చుట, ప్రతి మందిరపు నోటీసు బోర్డు మీద 14416 సంఖ్యను వ్రాయించుట, ప్రతి సంఘమున ఇద్దరు ముగ్గురు స్త్రీలకైనను వినుటలో శిక్షణ నిచ్చుట: ఇవి పెద్ద ధనము కోరు కార్యములు కావు. రోగియొక్క విశ్వాసమును తూచుచు మనము చాలకాలము గడపితిమి. ఈ వ్యాధి వచ్చినపుడు తూకమునకు నిలువవలసినది రోగి విశ్వాసము కాదు, సంఘముయొక్క ప్రేమ.